భుజమెత్తు ప్లగ్గులు

ప్లగ్గుల సంగతి ఒక్కటి అడక్కుండా ఉంటే చాలు, తక్కినవి ఏమడిగినా చెప్పొచ్చు, మిద్దె మీద ట్యాంకు ఎన్ని లీటర్లదంటే చెప్పొచ్చు, కరెంటు బిల్లు ఎంతొస్తుందంటే చెప్పొచ్చు, అనుకుంటూ నస్రీన్ వంటింట్లో టీ గ్లాసులు కడుగుతోంది, ముందు గదిలో ఇల్లు చూడవచ్చిన ఆళ్లగడ్డ మొగుడూ పెళ్లాలు గోడలు తడుముతూ తిరుగుతున్నారు, అతను యేసుదాసు, రాతి విగ్రహాలు చెక్కే పని, ఆమె జెస్సీ, నర్సు, ఈ మధ్యే నంద్యాలకు బదిలీ అయింది, చంకలో ఏడాదైనా నిండని ఆడపిల్ల, ఈ వివరాలేవీ నస్రీన్ అడగలేదు, వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్న పక్కింటి సుబ్బలక్ష్మమ్మ రెండు నిమిషాల్లో రాబట్టేసింది, ఈవిణ్ణి ఎవరు పిలిచారని, ఎవరూ పిలవలేదు, వీధిలో ఎవరింటికి కొనేవాళ్లొచ్చినా పక్కింటి మనిషి వచ్చి కూర్చోవాలి, అదొక కట్టుబాటు, అమ్మేవాళ్లు నోరు జారకుండా కాపలా, ఒక్క ఇల్లు అగ్గువకు పోయిందంటే తక్కిన పదమూడిళ్లూ అదే ధరకు దిగుతాయని భయం, ఇంకా దిగడానికి ఏం మిగిలిందని, మొన్న వచ్చినవాడు సగానికి అడిగాడు, అటుమొన్న వచ్చినవాడు గుమ్మం దాటకుండానే వాగు వైపు చూసి నవ్వి వెళ్లిపోయాడు, ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

వాగు ఇంత దగ్గరుందేందక్కా, అంటోంది జెస్సీ కిటికీలోంచి చూస్తూ, నస్రీన్ నోరు తెరిచేలోపే వాకిట్లోంచి జవాబొచ్చింది, అదేం వాగు తల్లీ, గొర్రెలు గూడా కాళ్లు తడవకుండా దాటిపోతాయి, అన్నది సుబ్బలక్ష్మమ్మ, నిజమే, మే నెలలో దాటుతాయి, అందుకే ఈ వీధిలో ఇళ్లన్నీ ఎండాకాలంలోనే అమ్మకానికి వస్తాయి, పోయిన అక్టోబరులో ఆ గొర్రెలు దాటే వాగే ఈ వంటింట్లోకి వచ్చి ఖాళీ సిలిండరును బిందెలా తేల్చింది, ముందు గదిలో రఫీ కుట్టిపెట్టిన పరుపులన్నీ నీళ్లు తాగి కూర్చున్నాయి, తడిసిన దూది బరువేమిటో పరుపులు కుట్టేవాడి పెళ్లానికే తెలుస్తుంది, ఒక్కో పరుపుకు నలుగురు మనుషులు, మిద్దె మీదికి మోసేసరికి రఫీ నడుము పట్టేసింది, ఇంక నా చేత కాదు నస్రీనూ, ఆళ్లగడ్డలో మిట్ట మీద రూము చూసినా, ముందర అంగడి, ఎనక కాపురం, ఈ నెలాఖరు దాకా ఇంకెవరికీ ఇయ్యనన్నాడు ఓనరు, ఇల్లమ్ముడుపోతే వానలకు ముందే పోదాం, అని పొద్దున కూడా చెప్పి అంగడికి వెళ్లాడు, ఇల్లమ్ముడుపోతే, ఇల్లమ్ముడుపోతే, నాలుగేళ్లుగా ఈ ఒక్క మాట విని విని చెవులు చిల్లులు పడ్డాయి.

టీలో చక్కెర వేసిందా లేదా, వేసినట్టే ఉంది, మళ్లీ ఒక చెంచా వేసింది, మూడేళ్ల కిందట వరద లెక్క రాసుకోను గవర్నమెంటు ఆఫీసు నుంచి ట్యాబు పట్టుకుని వచ్చిన అమ్మాయికీ ఇలాగే టీ ఇచ్చింది, నీళ్లు ఎందాకా వచ్చినాయక్కా, వాగుకు గోడ కట్టాలంటే మునిగిన ఇండ్ల లెక్క కావాల, అని అడిగింది ఆ పిల్ల, అంతకు ముందురోజు సాయంత్రమే సుబ్బలక్ష్మమ్మ అరుగు మీద వీధంతా కూర్చుని ఒక మాట అనుకున్నారు, మునిగే వీధని ఒక్కసారి రాయించుకున్నామంటే బ్యాంకోడు లోనియ్యడు, కొనేటోడు రాడు, నీళ్లు రోడ్డు దాకానే వచ్చినాయని చెప్పాల అందరూ, అని, ఆ అందరిలో నస్రీన్ కూడా తల ఊపింది, ఊపి, మర్నాడు ఆ పిల్ల ముందు నిలబడి, రోడ్డు దాకానే వచ్చినాయమ్మా, అంది, కాళ్ల కింద బండలు ఇంకా బురదతో జిగురుగా ఉన్నాయి, మిద్దె మీది పరుపుల నుంచి నీళ్లు గుమ్మం ముందు ధారగా కారుతున్నాయి, అదేందక్కా పైనించి కారతాండాది అంటే, దుప్పట్లు ఆరేసినాం అంది, ఎన్ని దుప్పట్లు ఆరేస్తే అంత కారుతుంది, ఆ పిల్ల పాపం రాసుకుని వెళ్లిపోయింది, గోడ అవతలి గట్టున కట్టారు, ఉన్నదున్నట్టు చెప్పిన వీధికి, ఇప్పుడు వరద ఆ గోడకు కొట్టుకుని తిన్నగా ఇటే తిరుగుతోంది, ధర పోతుందని గోడ పోగొట్టుకున్నారు, గోడ లేక ధరా పోగొట్టుకున్నారు, ఇంత తెలివి ఇంకే ఊళ్లోనైనా ఉంటుందా.

అక్కా, ఈ ప్లగ్గులేంది ఇంత పైన పెట్టించినారు, అంది జెస్సీ, అడగనే అడిగింది, భుజమెత్తున ఉన్న ప్లగ్గు మీద చెయ్యి వేసి చూస్తోంది, చిన్నపిల్లోల్లు ఏళ్లు పెట్టకుండా తల్లీ, అన్నది సుబ్బలక్ష్మమ్మ తడుముకోకుండా, ఏం మనిషి, కోర్టులో ఉండాల్సిన మనిషి, జెస్సీ ముఖం విప్పారింది, ఎంత ముందుచూపక్కా మీది, మా పాప ఇప్పుడిప్పుడే పాకతాండాది, యాడ ఏముంటే ఆడ చెయ్యి పెడతాది, అని మొగుడి వైపు చూసింది, యేసుదాసు గొంతుక్కూర్చుని నేల బండను వేళ్లతో తట్టి, మంచి రాయి, అన్నాడు, లేచి చేతులు దులుపుకుని, మీరు చెప్పిన ధరే కానీ అక్కా, మాకు ఇల్లు నచ్చింది, అన్నాడు, చెప్పిన ధర, బేరం లేకుండా, ఈ వీధిలో ఇన్నేళ్లలో ఎవరూ వినని మాట, సుబ్బలక్ష్మమ్మ కుర్చీలో నిటారుగా కూర్చుంది, నస్రీన్ టీ గ్లాసులు తెచ్చి కిటికీ గట్టు మీద పెట్టింది, మిట్ట మీద ఇల్లు, పొడి దూది, మబ్బు పట్టినా మంచం కింద చూసుకోకుండా పడుకోవడం, అల్లా, ఇంత సులువా.

జెస్సీ పాపను చల్లటి బండల మీద దించి, ఉయ్యాల ఈ మూల కడదామబ్బా, చల్లగా ఉండాది, నాకు నైటు డ్యూటీ ఉన్న పొద్దు నువ్వు పక్కనే పండుకో, అంటోంది మొగుడితో, ఆ మూల, నీళ్లు మొదట వచ్చేది ఆ మూలకే, గోడ అడుగు నుంచి చప్పుడు లేకుండా వస్తాయి, మంచం మీంచి కాలు దించితే గానీ తెలియదు, రోజంతా సుత్తి కొట్టిన మనిషికి ఎంత మొద్దు నిద్ర పడుతుందో, పాప బండ మీద అరచేతులతో తపతపా కొడుతూ నవ్వుతోంది, ఆడ కట్టొద్దు జెస్సీ, అంది నస్రీన్, ఎందుకక్కా, గాలి ఆడదని చెబుదామనే అనుకుంది, నిజంగా అదే అనుకుంది, నీళ్లు మొదట వచ్చేది ఆడికే తల్లీ, ఆ ప్లగ్గులు గూడా అందుకే అంత పైన, పోయినేడు నడుం దాకా వచ్చినాయి, అని తన గొంతు తనకే వినపడింది.

టీ తాగకుండానే వెళ్లారు, యేసుదాసు మాత్రం గుమ్మం దగ్గర ఆగి, చెప్పినావు, మేలు చేసినావక్కా, అన్నాడు, ఆ తర్వాత సుబ్బలక్ష్మమ్మ లేచింది, నీకేమన్నా మతి ఉండాదా నస్రీనూ, నేను మాట కలిపి బేరం చేతికిస్తే పోగొట్టుకుంటివే, ఇంక మా ఇల్లు ఎవుడు కొంటాడు, పక్షవాతం మనిషిని పెట్టుకోనుండా, ఈసారి నీళ్లొస్తే మా ఆయన్ను ఏ బల్ల మీద పండబెట్టేది, అని అరుస్తూ అరుస్తూ ఏడ్చేసింది, నస్రీన్‌కు కోపమూ వచ్చింది, జాలీ వేసింది, ఆ బల్ల మాట ట్యాబు పిల్లకు ఆ పొద్దే చెప్పింటే ఎంత బాగుండునక్కా, అంది, ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది, నువ్వూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు, అనుకుంది నస్రీన్, కొనేవాళ్లను మోసం చేస్తున్నామనుకున్నాం, కొన్నవాళ్లెవరు, ఒక్కరూ కొనలేదు, నీళ్లు రావు అనే ఆ మాటను నమ్మినట్టు నటించి, బురద ఎత్తిపోసుకుని, సున్నం వేసుకుని, ఇదే ఇంటిని ఏటేటా అదే ధరకు మళ్లీ మళ్లీ కొనుక్కుంటున్నది తామే, రఫీకి ఏం చెప్పాలో తెలియదు, ఆళ్లగడ్డ రూము చేజారినట్టే, కానీ రేపు పొద్దున ఆ ట్యాబు పిల్ల ఆఫీసుకు వెళ్లి నడుం దాకా అని రాయించాలి, ముందు తన ఇంటి నంబరే రాయించాలి, వీధి ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, నీళ్లలో నిలబడ్డవాళ్లు చెప్పకుండా ఈ నీళ్ల సంగతి ఇంకెవరూ చెప్పరు.