పాలసొర

రెండు వేల మూడులో మా ఇంటి గోడలకే సొరచేప వాసన పట్టేసింది. నా తోటికోడలు గౌరి ఆడపిల్లను కన్నది, పాలు సరిగా పడలేదు. మా బారువలో బాలింతకు పాలు పడకపోతే పాలసొర పెట్టాల్సిందే. ఏ పడవ ఒడ్డుకొచ్చినా ముందు మా గుమ్మంలోకే ఓ ముక్క వచ్చేది. మా మరిది త్రినాథ్ అయితే సముద్రంలో సొరలన్నీ తన పెళ్లానికే రాసిచ్చినట్టు మురిసిపోయేవాడు.

గౌరికి తల్లి లేదు. పుట్టిల్లు నౌపడలో అన్నావదినెల ఇల్లే కాబట్టి పురుడు మేమే పోశాం. మా అత్త మహాలక్ష్మి పథ్యం విషయంలో పరమ గట్టిది. వెల్లుల్లి కారం, సొరచేపను ఉడికించి పొడిపొడిగా వేయించిన సొరపుట్టు, రెండు ముద్దల అన్నం. నీళ్లు గొంతు తడుపుకోవడానికే ఇచ్చేది.

గౌరి అదీ తినేది కాదు. ముద్ద చేత్తో పట్టుకుని గోడకేసి చూస్తూ కూర్చునేది. బిడ్డ ఏడిస్తే నేనే పరిగెత్తాలి. చూడవచ్చిన ఆడవాళ్లు గుమ్మంలోంచే పాలు పడ్డాయా అని అడిగి, పెదవి విరిచి పోయేవారు. నాకు ఒళ్లు మండిపోయేది. అదేమన్నా గేదెనా, పూటపూటా అడగడానికి!

ఒక మధ్యాహ్నం బిడ్డను తెచ్చి ఒళ్లో పెట్టబోతే గౌరి చేతులు వెనక్కి తీసేసుకుంది.

"నాకియ్యకక్కా. దీన్ని సూత్తే నాకేటీ అనిపించట్నేదు. నాను నేకపోతే మీరే బాగా పెంచుకుంటారు. సముద్రం దగ్గరే గదా."

వెంటనే ఆటో పిలిపించి సోంపేటలో డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాను. అత్త కూడా ఎక్కింది. గాలీ ధూళీ ఏమీ కాదని, కాన్పు తర్వాత కొందరికి మనసుకు వచ్చే జబ్బేనని డాక్టరమ్మ చెప్పింది. మందులు మానకుండా వాడాలి, మనిషిని ఒంటరిగా వదలకూడదు, పప్పూ ఆకుకూరా పళ్లూ కడుపునిండా పెట్టాలి, దాహమైతే నీళ్లివ్వాలి అంది. దారిలో అత్త నోరెత్తితే పోట్లాడదామని నేను సిద్ధంగానే ఉన్నాను. ఆవిడ ఆటో ఆపించి తోటకూర కట్ట కొంది.

ఇంటికొచ్చి తనే తోటకూర పప్పు వండింది. కంచం పట్టుకుని గౌరి పక్కన కూర్చుంది. గౌరి మొహం తిప్పుకుంది.

"నాకూ ఇలాగే అయినాది," అంది అత్త. "నీ పెనిమిటి పుట్టినప్పుడు. ఆడ్ని ఎత్తుకోబుద్ధయ్యేది కాదు. ఎవులికీ సెప్పలేదు."

గౌరి ఇటు తిరిగి, ఎప్పుడు తగ్గిందని అడిగింది.

"తగ్గిందని ఎవులన్నారు? ఇప్పటికీ ఆడు దగ్గరకొత్తే నా సేతులు లెగవవు. నీకలా అవకూడదమ్మా. తిను."

గౌరి ఆమె మొహంలోకి చూసింది. ముద్ద కోసం నోరు తెరిచింది. అత్త తినిపిస్తుంటే మెతుకులు ఇద్దరి చీరల మీదా పడ్డాయి, ఎవరూ దులుపుకోలేదు.