యాదిమరుపు కాగితం

వంకాయ కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను. నలభై ఏళ్ల కాపురంలో ఒకే ఒక్కసారి. ఆ ఒక్కసారి చాలింది.

"నీకు యాదిమరుపు రోగం వచ్చిందే విశ్రాంతమ్మా," అన్నాడు మా ఆయన జకర్యా, కంచం పక్కకు జరుపుతూ. "గిట్లుంటే గంతమంది ఆడపిల్లల్ని ఏం జూస్తవ్?"

ఆయన బాధ ఉప్పు గురించి కాదు, ఏన్కూరు గురించి. అక్కడ మా చర్చి వాళ్ల బాలికల హాస్టల్ ఉంది. జూన్ నుంచి వార్డెన్‌గా రమ్మని నాకు కబురు పెట్టారు. యాభై మంది పిల్లలు, నాకంటూ ఒక గది, ఆ గది తాళం నా చేతిలో. అరవై దాటాయి కాబట్టి అన్ని పనులూ చేసుకోగలనని డాక్టరు కాగితం తెమ్మన్నారు, అంతే. ఆ రోజు నుంచి ఆయన నా తప్పులు ఏరడం మొదలుపెట్టాడు. కళ్లజోడు ఎక్కడో పెట్టాను. బీపీ గోళీ వేసుకోలేదు. పాలు పొంగిపోయాయి. పాలు పొంగినప్పుడు నేను ఆయన చొక్కాకే గుండీ కుడుతున్నాను. ఉప్పు రెండోసారి పడినప్పుడు "ఏమే, తువ్వాల ఏడ?", "ఏమే, పేపర్ ఏడ?" అని ముందుగది నుంచి వరసగా కేకలు వస్తున్నాయి. అవి మాత్రం ఆయనకు గుర్తులేవు.

ఇది 2008 సంగతి. ఆ వారమే హైదరాబాదు నుంచి పరిశోధకులు వచ్చి మా ఇల్లందు కమ్యూనిటీ హాల్లో దిగారు. అరవై దాటిన వాళ్లు రోజువారీ పనులు సొంతంగా చేసుకోగలరో లేదో కంప్యూటర్‌తో పరీక్షిస్తారట. కళ్లకు ఒక పెట్టె కడితే లోపల వంటిల్లు కనిపిస్తుందట. చివర్లో డాక్టరు సంతకంతో కాగితం ఇస్తారట. ఆ కాగితమే నన్ను ఇంట్లో కూర్చోబెడుతుందని నమ్మి, మా ఆయనే పరుగున పోయి పేరు రాయించాడు. భార్యాభర్తలు జంటగా వస్తేనే తీసుకుంటామనడంతో తన పేరూ రాయించక తప్పలేదు.

ముందు నేను. వాళ్లలో పెద్ద డాక్టర్ సరిత బరువైన నల్లపెట్టెను నా కళ్లకు బిగించి, బటన్లున్న చిన్న పిడి చేతికిచ్చింది.

"ఒక్క కప్పు ఛాయ్ పెట్టుకుని తాగాలి. మీ గోళీ వేసుకోవాలి. పొయ్యి ఆర్పి, తలుపు వేసి బయటికి రావాలి. అంతే అమ్మా."

కళ్ల ముందు వంటిల్లు వెలిగింది. బొమ్మల పుస్తకంలో ఇల్లులా ఉంది, గోడలకు మసి అన్నదే లేదు. నలభై ఏళ్లు నేను చాకిరీ చేసిన వంటిల్లే ఇవాళ నా మీద సాక్ష్యం చెప్పబోతోంది. చెయ్యి చాపాను.

పావుగంట తర్వాత పెట్టె తీసేసరికి డాక్టరమ్మ కంప్యూటర్ తెర వంకే చూస్తోంది.

"నాలుగు కప్పులు పెట్టారేంటమ్మా?"

"ఒక్క కప్పు ఎట్ల పెడ్తం బిడ్డా? ఎవరన్నా వస్తే?"

"సింకులో గిన్నెలు కడిగారు. నల్లా కారుతుంటే కట్టేశారు. గట్టు తుడిచారు. బియ్యం డబ్బాకి మూత పెట్టారు. నేను చెప్పనివి మొత్తం ఇరవై మూడు పనులు చేశారు. అన్నీ ఇక్కడ నమోదయ్యాయి, టైముతో సహా."

నాకు నవ్వొచ్చింది. "పొద్దంత ఇంట్లనే ఉంటవ్, ఏం జేస్తవే?" అని మా అత్త బతికున్నంత కాలం అడిగింది. జవాబు ఇన్నేళ్లకు ఒక యంత్రం రాసి పెట్టింది.

"తప్పులు జెప్పున్రి మేడమ్," అని ముందుకు వంగాడు మా ఆయన.

"రెండే సార్. ఛాయ్ తాను తాగలేదు. గోళీ తాను వేసుకోలేదు." ఆమె నా వైపు తిరిగింది. "ఇంకోసారి చేద్దామా అమ్మా? ఈసారి మీ ఒక్కరి కోసమే."

మళ్లీ లోపలికి పోయాను. గోళీ వేసుకున్నాను. ఒక్క కప్పు పెట్టుకుని కుర్చీలో కూర్చున్నాను. రుచి లేదు, వాసన లేదు. అయినా అంత మంచి ఛాయ్ నేనెప్పుడూ తాగలేదు. ఆ వంటింట్లో నన్ను పిలిచేవాళ్లు లేరు.

తర్వాత ఆయన వంతు. "ముప్పై నాలుగేండ్లు బొగ్గుబాయిల టోపీ లైటు పెట్టుకున్నోన్ని. ఈ డబ్బ నాకొక లెక్కనా?" అంటూ కట్టించుకున్నాడు. ఒక నిమిషం గడిచింది. రెండు. తల కుడికి తిరిగింది, ఎడమకు తిరిగింది.

"ఏమే, ఛాయ్‌పత్తా ఏడుంది?"

డాక్టరమ్మ పెదవుల మీద వేలు పెట్టింది. నోరు మూసుకుని నిలబడటం నా పరీక్ష కంటే కష్టమైంది. పదకొండుసార్లు పిలిచాడు. ఎవరూ పలకకపోయేసరికి, తెల్లగా కనిపించిందేదో తీసి గిన్నెలో పోశాడు. తెర మీద 'ఉప్పు' అని పడింది.

నా కాగితంలో 'రోజువారీ పనుల్లో లోపం లేదు' అని రాశారు. ఆయన కాగితంలో 'రోజువారీ పనులకు మరొకరి తోడు అవసరం.'

వరండాలోకి రాగానే ఆయన ముఖం వెలిగిపోయింది. ఆ కాగితం నా ముందు ఊపాడు. "జూసినవా? డాక్టరే రాసింది, నాకు తోడు గావాల్నని. ఇగ ఏన్కూరు ఎట్ల పోతవ్?"

నా కాళ్లు ఆగిపోయాయి. నేను గెలిచాను, ఆయన ఓడిపోయాడు, ఆగిపోవాల్సింది మాత్రం నేనేనా? ఆయన చేతిలోంచి కాగితం లాక్కుని మళ్లీ లోపలికి నడిచాను.

"బిడ్డా, తోడంటే భార్యే ఉండాల్నని ఇందుల రాసిందా?"

డాక్టరమ్మ ఒక్క క్షణం నన్ను చూసి నవ్వేసింది. "లేదమ్మా. సార్‌కి జ్ఞాపకశక్తి బాగానే ఉంది. వంటింటి అలవాటే లేదు. మేం ఇంకో మూడు వారాలు ఇక్కడే ఉంటాం. రోజూ పంపండి, నేర్చుకుంటారు."

ఆయన పేరు నేనే దగ్గరుండి రాయించాను.

"ఏందే గిది?" అన్నాడు, వెనకే వచ్చి.

"బాయిల పని నేర్సుకోను నీకు ఎన్నొద్దులు పట్టింది?"

"పదిహేనొద్దులు."

"ఛాయ్‌కి ఇరవై ఒక్క రోజులు ఇస్తున్న. సాలవా?"

మొదటి వారం పెట్టెలోని వంటింట్లో మూడు గిన్నెలు మాడ్చాడు. రెండో వారం మా ఇంట్లోనే ఒకటి మాడ్చాడు. మూడో వారం ఒక సాయంత్రం గ్లాసు తెచ్చి నా ముందు పెట్టి, ముఖం అటు తిప్పుకుని నిలబడ్డాడు. చక్కెర ఎక్కువైంది. ఆ మాట నేను అనలేదు.

జూన్‌లో ఒక ట్రంకు పెట్టె పట్టుకుని ఏన్కూరు బస్సెక్కాను. మూడో రోజు సాయంత్రం నా గదిలో వేడి ఛాయ్ గ్లాసు చేతికి తీసుకున్నానో లేదో, హాస్టల్ ఫోన్ మోగింది.

"ఏమే, ఉప్పు డబ్బ ఏడ బెట్టినవ్?"

పొయ్యికి ఎడమ పక్క, చింతపండు జాడీ వెనక. కళ్లకు కట్టినట్టు కనిపించింది. ఛాయ్ ఒక గుక్క తాగి చెప్పాను.

"ఏమోనయ్యా, నాకు యాదిమరుపు గద. నువ్వే ఎతుక్కో."