కరంగా దాటితే నీళ్ళు లేవు

కరంగా మజిలీలో మధ్యాహ్నం భోజనాలయ్యాక రెండు పళ్ళేలు వంట గుడారానికి తిరిగొచ్చాయి. వాటిలో ఒకటి నాకినట్టు ఖాళీగా ఉంది. అది చూడగానే అయికా మనసులో ముల్లు గుచ్చుకుంది.

ఆ పళ్ళెం రుహోరో మాస్టారిది. అరవై నాలుగేళ్ళ మనిషి. కిగోమాలో, సరస్సు ఒడ్డున, ముప్పై ఏళ్ళు భూగోళం చెప్పి రిటైరయ్యాడు. కూతురు తతూకు దార్ నగరంలో, సముద్రపు రేవులో ఉద్యోగం. నల్లబల్ల మీద ఏటా కిలిమంజారో బొమ్మ గీసి చూపించిన తండ్రిని ఒక్కసారైనా దాని మీద నిలబెట్టాలని ఆమే పట్టుబట్టి తీసుకొచ్చింది. అతిథులు ఇద్దరు, వాళ్ళను పైకి చేర్చే పనివాళ్ళు పదిమంది. అందరికీ వండి పెట్టేది అయికా.

పళ్ళెం ఖాళీ అయితే వండినామె సంతోషించాలి. కానీ నాలుగు వేల మీటర్ల ఎత్తుకు వచ్చేసరికి మనిషికి ఆకలి చచ్చిపోతుంది. పాతికేళ్ళ పడుచువాళ్ళే కోడి ముక్కను అటూ ఇటూ దొర్లించి వదిలేస్తారు. తతూ పళ్ళెంలో సగం చపాతీ, ముప్పాతిక కూర మిగిలే ఉన్నాయి. మొదటి రెండు రోజులూ మాస్టారి పళ్ళెం కూడా అలాగే వచ్చింది. మూడో రోజు నుంచి మెతుకు మిగలడం లేదు. నీళ్ళ సీసాలు కూడా సాయంత్రానికి చుక్క లేకుండా వస్తున్నాయి. అన్ని నీళ్ళు తాగే మనిషి పెదవులు అలా పగిలి ఉంటాయా?

అయికా ఏడేళ్ళు ఈ కొండ మీద గిన్నెలు తోమింది, ఉల్లిపాయలు కోసింది, ఇరవై కిలోల మూటలు మోసింది. వంట పెత్తనం చేతికొచ్చాక ఇదే మొదటి ప్రయాణం. ఆడదాని చేతికి గరిటె ఇస్తే గైడు చేతికి చీపురొస్తుందని మోతగాళ్ళు గేటు దగ్గరే నవ్వుకున్నారు. ఆ నవ్వులు ఆమెను బాధించలేదు. ఆమె భయం వేరు. మూడేళ్ళ కిందట ఒక అతిథి పళ్ళేలు వరసగా మూడు పూటలు ముట్టకుండా తిరిగొచ్చాయి. అప్పుడు గిన్నెలు తోమే మనిషి ఆమే. తనకెందుకులే అనుకుని ఊరుకుంది. నాలుగో పూట ఆ అతిథిని చక్రాల మంచం మీద కట్టి దించారు. ఆ మనిషి ఏమయ్యాడో ఆమెకు ఇప్పటికీ తెలియదు.

అందుకే ఈసారి గైడు ఫిలెమోని దగ్గరికి వెళ్ళి చెప్పింది. అతను నూట పదిసార్లు శిఖరం ఎక్కి దిగినవాడు. మాస్టారి వేలికి ప్రాణవాయువు కొలిచే మీటరు పెట్టి రోజూ రెండుసార్లు చూస్తున్నానని, అంకెలు బాగానే ఉన్నాయని అన్నాడు. ఆ పైన నవ్వాడు.

"పళ్ళెం నిండుగా వస్తే ఏడవాలి గానీ, ఖాళీగా వచ్చిందని ఏడుస్తావేంటి చెల్లెమ్మా? నీ వంట బాగుందేమోనన్న అనుమానం రాలేదా నీకు?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆమె కూడా నవ్వి వచ్చేసింది. కానీ ఆ రాత్రి ఆమె కంటి మీదికి కునుకు రాలేదు.

కరంగా దాటితే పైన నీళ్ళు లేవు. తెల్లవారకముందే నలుగురు మోతగాళ్ళు లోయలోకి దిగి, వాగు అంచున పేరుకున్న మంచు పెళ్ళలు పగలగొట్టి, నాలుగు డబ్బాలు నింపుకొచ్చారు. డబ్బాకు ఇరవై లీటర్లు. పన్నెండు మందికి ఆ రోజు తాగడానికీ వండడానికీ, రాత్రి శిఖరానికి వెళ్ళేవాళ్ళ సీసాలకూ, వాళ్ళు దిగొచ్చాక గొంతు తడపడానికీ అవే నీళ్ళు. అందులో ఒక డబ్బా మోసేది గౌదెన్సి. అయికా భర్తకు పినతండ్రి కొడుకు, ఆమెను వదినా అని పిలుస్తాడు. డబ్బా మెడ మీద పెట్టుకుని నాలుగు గంటలు రాళ్ళలో ఎక్కి, మిట్టమధ్యాహ్నానికి శిఖరానికి ముందున్న ఆఖరి మజిలీ బరాఫు చేరాడు. అయికా ఆ నీళ్ళు మరగబెట్టి, చల్లార్చి, అతిథులకు చెరో లీటరున్నర పంపింది.

అరగంట గడవకముందే గౌదెన్సి వంట గుడారం తెర ఎత్తాడు. మొహం కందిపోయి ఉంది. ఆమెను బయటికి రమ్మని, మాస్టారి గుడారం వెనక్కి తీసుకెళ్ళాడు. పలక రాళ్ళ సందులో ఇంత మేర తడి. అంచులు అప్పుడే గడ్డకడుతున్నాయి. పక్కన ఒక బండ కింద చపాతీ ముక్కలు, పేలాలు. మెడ మీద తెల్ల మచ్చలున్న రెండు పెద్ద కాకులు వాటిని లాక్కుంటున్నాయి.

"పొద్దుట్నించీ నా మెడ మీద మోసింది ఇదే వదినా. ఆయన రాళ్ళకి తాగించాడు. టీ దగ్గర అందరి ముందూ అడిగేస్తాను."

అతని కోపం ఆమెకు అర్థమయింది. ఒక్కో గుక్క వెనక ఎంత మోత ఉందో ఆమె మెడకూ తెలుసు. అయినా ఒక గంట నోరు కట్టుకోమని బతిమాలింది. గంట తర్వాత ఏం చేస్తావని అడిగాడు గౌదెన్సి. అప్పటికీ దారి దొరక్కపోతే తానే ఫిలెమోనికి చెబుతానంది. అతను మెడ రుద్దుకుంటూ రాతి మీద కూలబడ్డాడు.

అప్పటికి ఫిలెమోని తతూను వెంటబెట్టుకుని రాత్రి నడవాల్సిన దారి చూపించడానికి వెళ్ళాడు. మాస్టారు ఒక్కడే గుడారంలో ఉన్నాడు. పనివాళ్ళ కోసం వండిన మొక్కజొన్న సంకటి ఒక ముద్ద, ఎండుచేపల పులుసు ఒక గిన్నె, అల్లం టీ ఫ్లాస్కు పట్టుకుని అయికా వెళ్ళింది. ఆ చేపలు కిగోమా నుంచి వచ్చే సన్న చేపలు. తెర బయటే వంగి, పెద్దవాళ్ళకు చెప్పే నమస్కారం చెప్పింది. మీ ఊరి చేపలు తెచ్చానని అంది.

మాస్టారి మొహం వెలిగింది. గిన్నె దగ్గరికి తీసుకుని వాసన చూశాడు. ఇంత సంకటి పులుసులో ముంచి నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు, నమిలాడు, మింగలేకపోయాడు. నాలుక ఎండి అంగిటికి అంటుకుపోయినట్టుంది.

"తర్వాత తింటానమ్మా. అక్కడ పెట్టి వెళ్ళు."

ఆమె కదల్లేదు.

"కాకుల కోసమైతే నేనే వేస్తాను మాస్టారూ."

ఆయన గిన్నె కింద పెట్టాడు. గాలికి గుడారం గుడ్డ టపటపా కొట్టుకుంటోంది. చివరికి ఎవరు చూశారని అడిగాడు. నేనే చూశానంది. తతూకు తెలుసా అన్నాడు. తెలియదంది. అప్పుడు తల వంచుకుని, పాఠం అప్పజెబుతున్నట్టు మెల్లగా చెప్పాడు. తింటే కడుపు తిప్పుతోంది, అదంటే కొండ తెచ్చిన జబ్బు. నీళ్ళ సంగతి అది కాదు. రెండేళ్ళుగా ఆయనకు మూత్రం బాధ. గ్లాసుడు నీళ్ళు తాగితే రాత్రి నాలుగుసార్లు లేవాలి. ఇక్కడ లేవాలంటే సంచీ జిప్పు, గుడారం జిప్పు, బూట్లు, కోటు. రెండో రాత్రి బయటికి వెళ్ళేలోగా ఆగలేదు. మూరెడు దూరంలో కూతురు పడుకుని ఉంది. తడిసిన పంట్లాం చుట్టి సంచీ అడుక్కి తోశాడు. ఆ మర్నాటి నుంచి రోజుకు నాలుగు గుక్కలే. దానికి తెలిస్తే తిరిగి దించేస్తుంది, గైడుకు తెలిసినా దించేస్తాడు.

"ముప్పై ఏళ్ళు పిల్లల ముందు నిలబడ్డవాణ్ణమ్మా. కన్నకూతురి పక్కన పక్క తడిపానంటే ఇంక ఏం మొహం పెట్టుకుని తిరగను?"

దొరలు చాలామంది లోపలే ఒక సీసా పెట్టుకుంటారనీ, కొండ మీద దానికి ఎవరూ నవ్వరనీ అయికా చెప్పింది. మొదటి రోజే అడిగి ఉంటే వేరే గుడారం కూడా వేయించేవాళ్ళమంది. ఆయన ఆ మాటలేవీ వినిపించుకోలేదు. ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆ వేళ్ళు చల్లగా, పుల్లల్లా ఉన్నాయి.

"ఒక్క రాత్రి. రేపు పొద్దున్నకి పైనుంటాను. ఆ తర్వాత నువ్వు ఎంత పోస్తే అంత తాగుతాను. నోరు విప్పకు తల్లీ."

ఆమె మనసు ఊగిసలాడింది. మాస్టారు శిఖరం మీద నిలబడాలని ఆమెకూ ఉంది. తన చేతి వంట తిన్న మొదటి అతిథులు పైదాకా వెళ్ళారని ఊళ్ళో చెప్పుకోవాలనీ ఉంది. సరే, నా కళ్ళ ముందు మూడు కప్పులు తాగండి, అవి లోపల నిలిస్తే ఎవరికీ చెప్పనంది. మొదటి కప్పు ఎలాగో దిగింది. రెండోది సగంలో ఉండగానే ఆయన మూతికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఆమె బేసిన్ అందించేలోగా మొత్తం వెనక్కొచ్చేసింది. మొహం తుడుచుకుని, గాలి కోసం బయటికి వెళదామని లేచాడు. కాలు వెయ్యాల్సిన చోట పడలేదు. గుడారం కర్ర పట్టుకుని నిలదొక్కుకుని, కాలు తిమ్మిరెక్కిందని నవ్వాడు. కోటు గుండీ పెట్టుకోబోయాడు. వేళ్ళు గుండీ చుట్టూ తిరుగుతున్నాయి గానీ దాన్ని పట్టుకోలేకపోతున్నాయి.

అయికా గిన్నె తీసుకుని బయటికి నడిచింది. ఫిలెమోని, తతూ అప్పుడే కిందికి వస్తున్నారు. ఆమె అతన్ని పక్కకు పిలిచింది. మాస్టారు మూడు రోజులుగా నీళ్ళు పారబోస్తున్నాడు, తిండి లోపల నిలవడం లేదు, అడుగు తప్పుతోంది అని చెప్పింది. ఎందుకని మాత్రం నన్ను అడక్కు అంది.

ఫిలెమోని ఈసారి నవ్వలేదు. ఎత్తు జబ్బు మెదడుకు పాకిందేమో చూడడానికి మడమతో నేల మీద గీత గీశాడు. దాని మీద మడమకు కాలి వేలు ఆనించి నడవమని మాస్టారిని అడిగాడు. మూడు అడుగులు పడ్డాయి. నాలుగోదానికి ఒళ్ళు ఎడమకు ఒరిగింది. మళ్ళీ నడిపించారు, మళ్ళీ అలాగే ఒరిగింది. అప్పటికి మూడు గంటలైంది.

"దిగాలి మాస్టారూ. రేపు కాదు, ఇప్పుడే" అన్నాడు ఫిలెమోని.

మాస్టారు అతనితో వాదించలేదు. అందరి ముందూ అయికా వైపు తిరిగాడు.

"నీకు వండటం చేతనవును. మాట నిలబెట్టుకోవడం చేతకాదు."

తతూ ఇంకో వైపు నుంచి అందుకుంది. పళ్ళేలు చూసేది మీరే కదా, ఇన్ని రోజులూ ఏం చేస్తున్నారని నిలదీసింది. కరంగాలోనే చెప్పానని అయికా అనొచ్చు. అనలేదు. చెప్పింది నిజమే, నవ్వగానే ఊరుకున్నదీ నిజమే. తతూతో, మీరు రాత్రికి పైకి వెళ్ళొచ్చు, ఇంకో గైడు తోడొస్తాడని ఫిలెమోని అంటే, ఆమె వెళ్ళి తండ్రి సంచీ సర్దడం మొదలుపెట్టింది. ఇందాక నీళ్ళ కోసం మండిపడ్డ గౌదెన్సే ముందుకొచ్చి ముసలాయన చంక కింద భుజం దూర్చాడు.

వాళ్ళు వెళ్ళాక వంట సామాను మూటలు కట్టి, మిగిలిన నీళ్ళు పక్క గుంపు వంటవాళ్ళకు ఇచ్చి, అయికా గంట ఆలస్యంగా బయల్దేరింది. నెత్తి మీద మూట, కాళ్ళ కింద జారే రాళ్ళు. ప్రతి మలుపు దగ్గరా కిందికి తొంగి చూస్తూనే ఉంది. సగం దారిలో నలుగురు మనుషులు చక్రాల మంచం తోసుకుంటూ దిగుతున్నారు. దాని మీద మెడ దాకా దుప్పటి కప్పి ఎవరో ఉన్నారు. మూటతోనే పరుగెత్తి అందుకుంది. ఎవరో తెల్లావిడ, చీలమండ విరిగింది. అయికా దారి పక్కన కూర్చుని, ఊపిరి అందేదాకా లేవలేకపోయింది.

చీకటి పడేవేళకు ఎనిమిది వందల మీటర్ల దిగువన ఉన్న మజిలీ చేరింది. మాస్టారు గుడారం వాకిట్లో దుప్పటి కప్పుకుని కూర్చుని ఉన్నాడు. ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు లీటరు తాగాడట, నిలిచాయట. ఇప్పుడు గీత మీద ఎనిమిది అడుగులు వేశాడని ఫిలెమోని చెప్పాడు. ఆగి, కరంగాలో నీ మాట వినాల్సింది చెల్లెమ్మా అన్నాడు. ఆమె మాంసం వేసిన అరటికాయ చారు కాచి పంపింది. మాస్టారు తాగాడు గానీ ఆమె వైపు చూడలేదు.

మర్నాడు తెల్లవారుతుండగా ఆమె స్టవ్ వెలిగించేసరికి తెర తొలగింది. మాస్టారు వచ్చి, బోర్లించిన బక్కెట్టు మీద కూర్చున్నాడు. ఆమె టీ పోసిచ్చింది. ఒక కప్పు తాగి ఇంకోటి అడిగాడు. నిన్నటి మాట గురించి ఏమీ అనలేదు.

"రాత్రి ఆరుసార్లు లేచాను. లేచిన ప్రతిసారీ తతూ టార్చి పట్టుకుని వెంట వచ్చింది. ఒక్క ముక్క అడగలేదు. అడిగినా బావుండేది." కప్పు చేతుల మధ్య తిప్పాడు. "నువ్వు చెప్పమ్మా దానికి. ఆడవాళ్ళతో ఆడవాళ్ళు చెప్పుకుంటే తేలిగ్గా ఉంటుంది. ఆస్పత్రికి వెళ్ళాలి. రెండేళ్ళుగా వాయిదా వేస్తున్నాను."

"మీరు వద్దన్నా ఒకసారి చెప్పాను మాస్టారూ. ఇది మాత్రం మీ నోటితో చెప్పాల్సింది."

ఆయన మిగిలిన టీ తాగేశాడు. అయికా వెళ్ళి తతూను టీకి పిలుచుకొచ్చింది. ఆమెకూ ఒక కప్పు పోసి, స్టవ్ మంట తగ్గించి బయటికి వచ్చేసింది. లోపల కప్పు కింద పెట్టిన చప్పుడైంది. తర్వాత మాస్టారి గొంతు వినిపించింది. వాళ్ళ ఊరి భాషలో, తగ్గు స్వరంతో, ఆగి ఆగి చెబుతున్నాడు. ఆ భాష అయికాకు రాదు. అయినా నాలుగడుగులు దూరం జరిగి నిలబడింది.

మూటలు కట్టడానికి మోతగాళ్ళు చేతులు రుద్దుకుంటూ వచ్చారు. వంట గుడారం ఎప్పుడు విప్పమంటావని ఫిలెమోని దూరం నుంచే అడిగాడు. ఇంకాసేపు ఆగమని ఆమె చెయ్యి ఊపింది.