ఒకే దూలం, పదకొండు పెరళ్లు

ఆఫీసరు టేపు పట్టి కుట్టక్క పెరట్లోని రేకుల షెడ్డును కొలిచాడు. ఎదురుగా రోడ్డు మీదికి ఆరడుగులు పొడుచుకొచ్చిన బట్టల ఫ్యాక్టరీ గోడౌను మాత్రం ఆయన కంటికి ఆనలేదు.

కూలి పెంచమన్నందుకు కుట్టక్కనూ మరో ఐదుగుర్నీ ఆ ఫ్యాక్టరీ గెంటేసింది. వాళ్లు ఈ షెడ్డులో సొంతంగా కుట్టుకుంటున్నారు. అదీ నేరం.

"ఇది ఇళ్ల జోను. ఇక్కడ పని పెట్టకూడదు."

"మరి ఆ గోడౌనో?"

"దానికి పర్మిషనుంది."

"నిరుడు నేనూ అర్జీ పెట్టాగా?"

"పరిశీలిస్తున్నాం."

"పరిశీలించండి సార్. మా కళ్లు కాయలు కాసి, పండి, రాలనీ!"

వరసగా ఉన్న పదకొండు పెరళ్లూ నవ్వాయి. ఆఫీసరు మొహం మాడ్చుకుని, పక్క పెరట్లోంచి చూస్తున్న వడ్రంగి మీద పడ్డాడు. "చిన్న షెడ్డుకి పర్మిషనక్కర్లేదు. కానీ పైన చూడు, దూలం ఒక్కటే. అంటే పదకొండూ కలిసి పర్మిషను లేని ఒకే పెద్ద షెడ్డు! రేపు పదింటికల్లా ఈమె షెడ్డుకు అటూ ఇటూ కోసెయ్. ఇదొక్కటే కూలుస్తాం. కొయ్యవా, అన్నీ పోతాయి."

కలప కలిసొస్తుందని షెడ్ల మధ్య అడ్డుచెక్కల మీదుగా ముక్కకు ముక్క అతికి ఒకే దూలం పరిచింది ఆ వడ్రంగే.

సాయంత్రం పెరళ్లవాళ్లందరూ కుట్టక్క షెడ్డులో చేరారు.

"కోసెయ్ బావా," అన్నాడు పంక్చర్లవాడు. "అన్నీ పోతే నా సామానంతా ఎక్కడ పెట్టుకోను?"

ఇస్త్రీ అత్త గయ్యిమంది. "రేపు నీ గాలిపంపు కూడా నేరమంటాడు. అప్పుడెవడొస్తాడ్రా, నీ మామగారా?"

"పోనీ, కోసేయండన్నా. నా ఒక్కదాని కోసం ఇందరెందుకు?" అంది కుట్టక్క.

వడ్రంగి తలెత్తి అతుకు వైపు చూశాడు. ఆరోది, నడిమిది ఈ షెడ్డే. అటు ఐదు, ఇటు ఐదు షెడ్ల బరువు ఆ అతుకు కింది గుంజ మీదే ఆగింది.

"నీ కోసం కాదమ్మా. ఇది కోస్తే మిగతా పదీ మొదటి గాలికే వాల్తాయి."

పంక్చర్లవాడు బుర్ర గోక్కున్నాడు. "అయితే ఏంచేద్దాం?"

"మధ్యలో అడ్డుచెక్కలు పీకేద్దాం," అన్నాడు వడ్రంగి.

మర్నాడు ఆఫీసరు పోలీసులతో దిగాడు. ఈ చివర్నుంచి ఆ చివరిదాకా ఒకటే గది. ఆరు కుట్టుమిషన్లు ఆరు చోట్ల ఆడుతున్నాయి. ఒకదాని ముందు పంక్చర్లవాడు దారాన్ని చిక్కు చేసుకుంటూ కూర్చున్నాడు.

"ఆవిడ షెడ్డేది?"

"ఒకటే షెడ్డని మీరేగా అన్నారు సార్," అన్నాడు వడ్రంగి.

"కొయ్యరా!"

వడ్రంగి రంపం తీసి అత్త చేతికిచ్చాడు. అత్త దాన్ని కిందపడేసి మీద కూర్చుంది. పోలీసు వడ్రంగి కాలరు పట్టుకున్నాడు.

పంక్చర్లవాడు దూలం మీదికి ఎగబాకాడు. "నన్ను దించి కొయ్యండ్రా!" వెనకే ఇంకొకడు, ఆ వెనక ఇద్దరు.

పోలీసులు తనను జీపులోకి ఎక్కిస్తుంటే వడ్రంగి చెవి రిక్కించాడు. పెరళ్లలో మిషన్లు ఆడుతూనే ఉన్నాయి. ఎదురుగా ఫ్యాక్టరీలోవి మాత్రం ఒక్కొక్కటిగా ఆగిపోతున్నాయి. పని వదిలేసి ఆడవాళ్లు గేటు దగ్గరికి వస్తున్నారు.