న్యూయార్క్ తప్ప ఎక్కడికైనా

మా ఆయన డెల్బర్ట్ దగ్గర లారీ నేర్చుకున్నవాళ్లు, ఒంటరిగా బయల్దేరే ముందు వచ్చే ఆదివారం మా ఇంట్లో భోజనం చేసి వెళ్తారు. ఎవరూ పెట్టిన నియమం కాదు. ఒకసారి జరిగింది, తర్వాత మానేస్తే బాగుండదని కొనసాగింది. వడ్డిస్తూ నేను అందరినీ ఒకే ప్రశ్న అడుగుతాను.

"ఎక్కడికి వెళ్లమంటే వెళ్లవు?"

ఒకరు రాకీ కొండల మంచు అంటారు, ఒకరు లారీలను పడదోసే వయోమింగ్ గాలి అంటారు. ఎక్కువమంది చెప్పేది న్యూయార్క్. "ఎప్పుడైనా వెళ్లావా?" అంటే లేదంటారు. చూడని చోటుకు ఇంత వివరంగా ఎలా భయపడతారో నాకు అంతుబట్టేది కాదు.

ఆ ఆదివారం వచ్చినవాడు ఎమెట్. ముప్పై దాటినవాడు. కోళ్ల ఫ్యాక్టరీ చలిగదుల్లో పనిచేసి, ఆ చలికి వేళ్లు పట్టేస్తున్నాయని లారీ నేర్చుకున్నాడు. మర్నాడు న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌కి బిస్కెట్ల లోడు తీసుకెళ్లాలి. న్యూయార్క్ లోడు ఒకటి అప్పటికే కాదన్నాడు. ఇది కూడా కాదంటే తాళాలు ఇచ్చి పొమ్మని ఆఫీసువాళ్లు చెప్పేశారు.

"ఇచ్చేస్తానండీ లోరీన్ గారూ," అన్నాడు, ఆలుగడ్డ ముద్దలో చెంచా తిప్పుతూ. "మళ్లీ కోళ్ల దగ్గరికే పోతా. నాకు రాసిపెట్టింది కోళ్లే."

"పిచ్చి మాటలు! లారీ నీట్‌గా తిప్పుతాడని డెల్ నిన్ను మెచ్చుకున్నాడు. ఆయన మెచ్చుకోవడమంటే మాటలా?"

"న్యూయార్క్ తప్ప ఎక్కడికైనా తిప్పుతానండీ."

డెల్బర్ట్ తలెత్తకుండా మాంసం కోసుకుంటున్నాడు.

నేను లేచి పీచ్ కేకు తెచ్చాను. ఎమెట్ దాన్ని చూసి నవ్వాడు. "రస్క్ అనే పాత డ్రైవర్ చెప్పిన కథ విన్నప్పట్నుంచీ పీచ్ పండు చూస్తే నాకు వంతెనే కనిపిస్తోంది."

"ఏం కథ?"

"మీకు తెలీదా? లారీలాగే ట్రక్‌స్టాప్‌లో అందరికీ తెలుసే! న్యూయార్క్‌లో కార్లు మాత్రమే వెళ్లే రోడ్లుంటాయి కదండీ. ఎవడో కొత్తోడు తెలీక ఎక్కేశాడు. ఎదురుగా పొట్టి వంతెన. లారీ పైకప్పు చాపలా చుట్టుకుపోయింది. రోడ్డంతా పీచ్ పండ్లు! పోలీసాయన వచ్చి, ఒక పండు తీసి చొక్కాకి తుడుచుకుని కొరికాడట. 'ఏడవకు. మంచివి ఏరుకుని ఇంటికి పట్టుకెళ్లు. మీ ఆవిడ చేసే కేకు నాకూ ఓ ముక్క పంపించు, ఆమె చేస్తే ఆ రుచే వేరు' అన్నాడట."

కేకు కోస్తున్న నా చెయ్యి ఆగింది.

"న్యూయార్క్ పోలీసుకి ఆ డ్రైవర్ భార్య చేసే కేకు రుచి ఎలా తెలిసింది?"

ట్రక్‌స్టాప్‌లో ఆ ప్రశ్న ఎవరికీ తట్టలేదేమో.

నాకు ఒక ఎండాకాలం గుర్తొచ్చింది. వ్యాపారి వద్దన్న సరుకు డ్రైవర్ ఇంటికి రావడం మా ఇళ్లలో మామూలే. అలాగే వచ్చాయని డెల్బర్ట్ బుట్టలకొద్దీ పీచ్ పండ్లు దించాడు. ఆ వారమంతా వాటిని ఒలిచి, ఉడికించి సీసాలకెత్తాను. అప్పట్నుంచీ అతను పీచ్ కేకు ముట్టడు. తిని తిని మొహం మొత్తిందనుకున్నాను.

"డెల్, ఆ పోలీసు మన చర్చికొచ్చి నా కేకు తినే వెండెల్ కదూ?"

డెల్బర్ట్ కత్తి కింద పెట్టాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"అది న్యూయార్క్ కాదు," అన్నాడు చివరికి. "మిల్ రోడ్డు. రైలు వంతెన."

"మన మిల్ రోడ్డా సార్?" అన్నాడు ఎమెట్. "రోజూ కారులో దాని కిందినుంచే వస్తానే!"

"నేనూ అంతే. తోటలో లోడెత్తి షికాగో వెళ్తూ, ఇంట్లో నాలుగు ముద్దలు తిని పోదామని అటు తిప్పాను. కొత్తగా తారు పరిచి రోడ్డు ఎత్తు పెంచారు. వంతెన మీద రాసిన ఎత్తు పాతదే. దిగి చూస్తే తెలిసేది. మన ఊళ్లో దిగి చూసేదేముంది అనుకున్నాను."

"ఆ కంపెనీ నువ్వే మానేశానన్నావు," అన్నాను.

"వాళ్లే మానిపించారు."

"వెండెల్ ఇన్నేళ్లూ నోరు మెదపలేదా?"

"ఏటా క్రిస్మస్‌కి వాడికి కేకు పంపమని నిన్ను పోరేది ఎందుకనుకున్నావు?"

కోపమూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఎమెట్ ఉన్నాడని రెండూ ఆపుకున్నాను.

"మరి న్యూయార్క్ ఎందుకు సార్?"

"కొత్త కంపెనీలో చేరాక నోరు జారి, ఎవడికో ఇలా జరిగిందన్నాను. ఎక్కడ అన్నారు. మన ఊళ్లో అంటే నవ్వుతారు. న్యూయార్క్ అంటే ఎవడూ నవ్వడు." డెల్బర్ట్ ఎమెట్ వైపు తిరిగాడు. "కార్ల రోడ్లు నిజమే అబ్బాయ్. ఇరుకు సందులూ నిజమే. నేను ఎన్నోసార్లు వెళ్లాను. భయపడుతూ మలుపు మలుపుకీ దిగి చూసుకున్నాను. అక్కడ నా లారీకి గీత కూడా పడలేదు."

"అంటే మీ పీచ్ పండ్లు నన్ను కోళ్లలోకి తోసేసేవన్నమాట!"

"తోసేసేవే," అన్నాడు డెల్బర్ట్. నవ్వలేదు.

ఎమెట్ పళ్లెం పక్కకి జరిపాడు. "ఆ కార్ల రోడ్లు ఎటునుంచి మొదలవుతాయో చూపించండి." ఉప్పు సీసా వంతెన అయింది, ఫోర్కులు రోడ్లయ్యాయి. నేను బల్ల తుడవకుండా అలాగే వదిలేశాను.

ఆ వారం మధ్యలో ఎమెట్ ఫోన్ చేశాడు.

"దింపేశానండీ! ఒక మలుపులో దిగి చూస్తుంటే వెనకవాళ్లు తిట్టిన తిట్లు కోళ్ల ఫ్యాక్టరీలో కూడా వినలేదు."

"పోలీసు వచ్చాడా?"

"వచ్చాడు. కేకు అడగలేదు, త్వరగా తియ్యమన్నాడు. అన్నట్టు, ఆదివారం వెళ్తూ మిల్ రోడ్డు వంతెన దగ్గర ఆగి చూశానండీ. ఇంకా పాత అంకెలే ఉన్నాయి."

ఈ మాట డెల్బర్ట్‌కి చెబుదామని వంటింట్లోకి వెళ్లాను. కేకు డబ్బా మూత తీసి ఉంది. లోపల ఆదివారం మిగిల్చిన పీచ్ కేకు ముక్క లేదు. డెల్బర్ట్ నాకు వీపు తిప్పి, సింకు దగ్గర ఒకే ఒక్క ఫోర్కుని చాలా శ్రద్ధగా కడుగుతున్నాడు.