సీటు కింద దాచిన కవరు

నేను ఒక వించ్‌ని. జీపు ముందు బంపరుకు బిగించిన ఇనుప డ్రమ్మునీ, దానికి చుట్టిన ఉక్కు తాడునీ మీరు చూసే ఉంటారు. బురదలో దిగబడ్డ బండ్లను బయటికి లాగడం నా పని. పుట్టింది కోయంబత్తూరులో ఒక రేకుల షెడ్డులో. నా మొదటి యజమాని కలప డిపో వీరభద్రం. రోజూ నన్ను తిట్టేవాడు, రోజూ తుడిచి నూనె వేసేవాడు. ఆ తిట్ల విలువ తర్వాత గానీ తెలిసిరాలేదు.

డిపో మూతపడ్డాక, మారేడుమిల్లి ఘాటు రోడ్డులో జీపు నడిపే గవర్రాజు చేతికి వచ్చాను. ఈయన తిట్టడు, ముద్దు చేస్తాడు. దసరాకు పసుపు పూసి, కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్లు తిన్నగా నా గేర్లలోకే పోస్తాడు.

ఆయన భార్య సత్యవేణి టైలరు. వానకూ బురదకూ పాడవుతానని టేపు పెట్టి కొలతలు తీసి, నీలం రెక్సిన్‌తో నాకు కవరు కుట్టింది. అంచున పసుపు పైపింగు కూడా వేసింది. ఇన్నేళ్లలో నా కోసం ఎవరైనా బట్ట కుట్టడం అదే మొదలు. నాకు కళ్లుంటే నీళ్లు తిరిగేవి.

కవరు చూసి గవర్రాజు పొంగిపోయాడు. అదే నా కొంప ముంచింది. ఎర్రటి ఎండలో దాన్ని నాకు తొడిగి టీ కొట్ల ముందు బండి ఆపేవాడు. మబ్బు పట్టిందంటే చాలు, పరుగున వచ్చి విప్పి, మడిచి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి సీటు కింద దాచేవాడు. వానకు తడిస్తే రెక్సిన్ పాడవుతుందట! రెండు నెలలు ఎండలో ఉడికాను, వానలో నానాను. నాతో పని పడక, లారీలు చిమ్మిన బురదంతా ఒంటి మీదే ఎండి, తుప్పు పట్టి, తాడు వదలడానికి లాగే నా మీట బిగుసుకుపోయింది.

ఆగస్టు పద్నాలుగు మధ్యాహ్నం సత్యవేణి తను కుట్టిన అరవై జతల యూనిఫారాలు జీపులో వేసుకుని ఆశ్రమ పాఠశాలకు బయలుదేరింది. తెల్లారితే జెండా పండగ. సగం దారిలో, జోరు వానలో జీపు దిగబడింది.

"కంగారు పడకే. మన వించ్ ఉందిగా!" అంటూ గవర్రాజు దిగి నా మీట లాగాడు. రాలేదు. బంపరుకు కాలు తన్నిపెట్టి లాగాడు. ఊహూఁ. నాకు బట్ట కుట్టిన మనిషి పనికి నేనే అడ్డం పడ్డానని సిగ్గుతో చచ్చిపోయాను.

సత్యవేణి దిగి నన్ను చూసింది. "కవరేదండీ?"

గవర్రాజు మొహం వెలిగిపోయింది. సంచి తీసి చూపించాడు. "ఇదిగో! ఒక్క చుక్క పడనిత్తే ఒట్టు. కుట్టినప్పుడెలాగుందో అలాగే ఉంది, సూడు."

"నేను వించ్‌కి కవరు కుట్టానండీ. మీరేమో ఆ కవరుకి వించ్‌ని కాపలా పెట్టారు."

సత్యవేణి చేతిసంచిలోంచి కుట్టుమిషను నూనె సీసా తీసి, మీట మొదట్లో చుక్క చుక్కగా పోసింది. రాయితో మెల్లగా తట్టింది. కాసేపాగి మళ్లీ పోసింది. మూడోసారికి నా మీట కదిలింది. తాడును మద్దిచెట్టుకు కట్టి మోటారు వేశారు. నా ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి లాగాను. జీపు రోడ్డెక్కింది. చీకటి పడకముందే యూనిఫారాలు బడికి చేరాయి.

రోడ్డెక్కగానే, ఆ వానలోనే, సత్యవేణి కవరు తెచ్చి నాకు తొడిగింది. పసుపు పైపింగు మీద మొదటి బురద చుక్క పడగానే గవర్రాజు కళ్లు మూసుకున్నాడు.

ఇప్పుడు వాన వెలిశాక కవరు తీసి, నన్ను తుడిచి, ఆరబెట్టి, నూనె వేయడం ఆయన వంతు. చేస్తున్నాడు, పాపం. కానీ కవరు మాసిపోతోందన్న దిగులు పోలేదు. దాని మీద కప్పడానికి ఒక ప్లాస్టిక్ పట్టా కొనుక్కొచ్చాడు. మబ్బు పట్టగానే ఆ పట్టాను విప్పి, మడిచి, సీటు కింద దాస్తున్నాడు.

దాచుకోనీ. నా కవరు మాత్రం నా ఒంటి మీదే ఉంటోంది.