ముడి వేసిన ఆకుపచ్చ

మావాడు ఒకటో తరగతి. బడిలో మొక్క బొమ్మ వేసి వేరు, కాండం, ఆకు, పువ్వు అని పేర్లు కూడా రాసుకొచ్చాడు. ఆకులన్నీ గోధుమరంగులో ఉన్నాయి. కింద టీచరమ్మ రాసింది: "ఎన్నిసార్లు చెప్పినా వినడం లేదు. శుక్రవారం పరీక్షలో రంగులు తప్పితే వచ్చే ఏడూ ఇదే తరగతి."

మా ఆయన లారీ ఎక్కి పన్నెండు రోజులైంది. మూడో అంతస్తులో ఒకే గది, అందులో వాడూ నేనూ. పాత క్రేయాన్లు నేల మీద పరిచి నాలుగు రోజులు వాడి వెంట పడ్డాను. బుధవారానికి ఏ రంగు అడిగినా టక్కున తీసిచ్చాడు. గండం గట్టెక్కిందనుకుని, మురిసిపోయి, గురువారం సాయంత్రం కొత్త డబ్బా కొనిచ్చాను.

"ఏదీ, ఆకుపచ్చ తియ్యి నాన్నా."

వాడి చెయ్యి డబ్బా మీదే ఆగిపోయింది.

"అమ్మా, ఇందులో కొరికింది ఏదీ?"

"కొరికిందేంట్రా?"

"ఆకుపచ్చకి కొరికి ఉంటుందిగా. ఎరుపుకి కాగితం ఉండదు."

వాడు ఇన్నాళ్లూ నేర్చుకున్నవి రంగులు కావు, పంటిగాట్లు.

చెప్పుకోవడానికి ఇంకెవరూ లేక అత్తయ్యకి ఫోన్ చేశాను. "మా వైపు అందరివీ గద్ద కళ్లే. విత్తొకటి వేస్తే చెట్టొకటి మొలుస్తుందా? మీ వాళ్లనే అడుగు," అంది. ఆవిడ మాట ముల్లులా గుచ్చుకుంది.

మొక్క భాగాలు చెప్పడానికని పక్కింటి పిల్ల దగ్గర తెచ్చుకున్న పదో తరగతి జీవశాస్త్రం గూట్లోనే ఉంది. నా చదువు తొమ్మిదితోనే ఆగింది కాబట్టి అనువంశికత పాఠం దాకా నేను పోనేలేదు. వేలు పెట్టుకుని ఒక్కో మాటే కూడబలుక్కుంటూ చదివాను. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని లోపం తాత నుంచి కూతురి ద్వారా మనవడికి రావచ్చట. కూతురికి అన్ని రంగులూ కనిపిస్తాయి. ఆమె వాహకురాలు మాత్రమే.

తాత అన్న చోట వేలు ఆగింది. నాన్న దర్జీ. కొట్లో మేకులకు దారపు ఉండలు వేలాడుతుండేవి. ఆకుపచ్చ దారం కొసకి మాత్రం ఎప్పుడూ ఒక ముడి. ఒకసారి ఎవరిదో ఆకుపచ్చ జాకెట్టు గోధుమరంగు దారంతో కుట్టేశాడు. ఆ మర్నాడే, "చూపు ఆనట్లేదే చిట్టీ, ఇక కొట్లో కూర్చో," అని నన్ను బడి మాన్పించాడు.

ఫోన్ తీశాను.

"నాన్నా, ఆకుపచ్చ దారానికి ముడి ఎందుకేసేవాడివి?"

అటువైపు కుట్టుమిషను చప్పుడు ఆగింది.

"ఇప్పుడెందుకే ఆ సంగతి?"

"నీ మనవడు క్రేయాన్లకి పంటిగాట్లు చూసి రంగు చెబుతున్నాడు."



"రంగు తెలియని దర్జీకి గుడ్డ ఎవరిస్తారే? అందుకే నీ కళ్లు అరువు తెచ్చుకున్నా. నీ చదువు అలా నా చేతుల్లోనే పోయింది."

"చూపు ఆనట్లేదన్నావు."

"అదేం అబద్ధం కాదుగా." నవ్వబోయి మానేశాడు. "పొద్దున్నే వెళ్లి టీచరుకి చెప్పు. నాలాగా దాచకు. దాస్తే వాడికీ ఎవరివో ఒకరి కళ్లు కావాల్సొస్తాయి. ఏదీ, వాడికోసారి ఇవ్వు."

నేనింకా అడగాల్సింది చాలా ఉంది. ఫోన్ వాడికిచ్చాను.

"తాతా, చిలక ఏ రంగు?" అని అడిగాడు వాడు. అటు నుంచి ఏం చెప్పాడో, "నాక్కూడా తాతా, అచ్చం ఎండుటాకే," అని గెంతులేశాడు. ఆ వారంలో వాడు నవ్వడం అదే మొదలు. కిటికీ దగ్గరికి పోయి, వీధి చివర చెట్టు చూపిస్తూ తాతతో ఏదేదో చెబుతున్నాడు. చెట్టు వాళ్లిద్దరికీ ఒకే రంగులో కనిపిస్తుంది. వాడికి ఆ చూపుని అందించింది నేనే. నాకు మాత్రం ఆ రంగు ఎప్పటికీ కనిపించదు.

నన్నెవరూ పిలవలేదు. నేల మీద కూర్చుని కొత్త డబ్బాలోంచి ఆకుపచ్చ తీసి, చివర మెల్లగా కొరికాను. ఎరుపుకి కాగితం ఒలిచాను. పొద్దున్నే ఆ డబ్బా టీచరమ్మ చేతికిచ్చి వాడి చూపు గురించి ఏం చెప్పాలో నోట్లోనే ఒకటికి రెండుసార్లు చెప్పుకున్నాను. నాలుక మీద మైనం రుచి చాలాసేపు పోలేదు.